అణువుకు బద్ధకం లేదు

ఆదోనిలో మా ప్రైవేటు డిగ్రీ కాలేజీ స్టాఫ్ రూములో పదకొండేళ్లుగా రఘునాథ్ బల్లా నా బల్లా పక్కపక్కనే ఉన్నాయి. ఆయన ఫిజిక్సు, నేను తెలుగు. ఆయన జీతం నా జీతం కంటే నాలుగు వేలు ఎక్కువ, కానీ రెండూ ఒకేలా ఆలస్యంగా వస్తాయి. అందువల్ల మా మధ్య స్నేహానికి లోటు రాలేదు.

మనిషి సన్నగా ఉంటాడు. యాభై ఒకటి దాటాయి. అరిగిపోయిన సుద్దముక్కను కూడా పారెయ్యడు, పెన్ను మూతలో గుచ్చి రాస్తాడు. కొత్త బ్యాచి వచ్చిన మొదటి రోజు బోర్డు మీద ‘కష్టే ఫలి’ అని రాసి, దాని కింద గీత గీసి, ఆ తర్వాతే న్యూటన్ దగ్గరికి వెళతాడు. ఆ రెండు ముక్కలు సంస్కృతం కదా, తెలుగు సారుగా నా అభిప్రాయం అడుగుతాడేమో అని ఎదురుచూశాను. అడగలేదు. అడిగితే చెప్పడానికి నా దగ్గర కొంచెం ఉంది.

ఆయనది ఎమ్మిగనూరు నేతవాళ్ల కుటుంబం. తండ్రి గుంట మగ్గం మీద చీరలు నేసేవాడు. ఇద్దరు కొడుకుల్లో పెద్దవాడు బసవన్న మగ్గంలోనే కూర్చున్నాడు, చిన్నవాడు రఘునాథ్ చదువుకున్నాడు. పద్దెనిమిదేళ్ల కిందట తండ్రి పోయాక హాలహర్వి దగ్గరున్న రెండెకరాల మెట్ట అమ్మితే తలా లక్షా పదివేలు వచ్చాయి. ఇల్లు మాత్రం పంచుకోలేదు. ఇద్దరి పేరు మీదే ఉండిపోయింది.

ఆ లక్షా పదివేలతో రఘునాథ్ ఆదోని బయట ఒక స్థలం కొన్నాడు. బసవన్న నూలు కొని, నేసి అమ్మి, మళ్లీ నూలే కొంటూ వచ్చాడు. ఈ రోజు రఘునాథ్‌కు రెండంతస్తుల ఇల్లుంది, పైన బ్యాంకు ఉద్యోగి అద్దెకుంటాడు, ఇంకో స్థలం కూడా ఉంది. బసవన్నకు ఉన్నది ఒక మగ్గం. ఈ తేడాకు కారణం రఘునాథ్ నాకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్క లేదు. “ఇద్దరికీ ఒకే సొమ్ము సార్, ఒకే రోజు. నేను నిలబెట్టుకున్నాను. మా అన్న నీళ్లపాలు చేశాడు.”

నీళ్లపాలు అన్నది నిజంగానే నీళ్లపాలు. పదిహేనేళ్ల కిందట శ్రావణమాసంలో బసవన్న భార్యను తీసుకుని హాలహర్విలో మేనమామ కొడుకు పెళ్లికి వెళ్లాడు. ఆ రోజు ఎమ్మిగనూరులో పెద్ద వాన పడింది. వీధి నీళ్లు గడప దాటి మగ్గం గుంట నిండా నిలిచాయి. గది మూల పేర్చిన నూలంతా బురదలో నానింది. వీళ్లు తిరిగొచ్చేసరికి రంగులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉన్నాయి. ఆ దెబ్బ నుంచి బసవన్న లేవలేదు. “ఆ పూట ఇంట్లో ఉండుంటే మూటలు అటక మీద పెట్టుకునేవాడు. పట్టింపు లేని మనిషి సార్” అనేవాడు రఘునాథ్. అన్న ముఖం మీద కూడా ఈ మాట అనేవాడని తర్వాత తెలిసింది.

మరి ఈయన స్థలం సంగతి? అసలు కొందామని బయల్దేరింది వేరే స్థలం. ఈయన వెళ్లేసరికి అది అరగంట ముందే అమ్ముడైపోయింది. ఉత్త చేతులతో ఇంటికి పోలేక మిగిలిపోయిన దాన్ని కొన్నాడు. నాలుగేళ్లకు దాని పక్కనుంచి రోడ్డు పడింది. ఈ కథ కూడా ఆయనే చెప్పాడు, కాకపోతే ‘దూరదృష్టి’ అనే శీర్షిక కింద. కలిసొచ్చే కాలం వస్తే నడిచొచ్చే కొడుకు పుడతాడని మా సబ్జెక్టులో ఒక సామెత ఉంది. దాన్ని ఆయన సిలబస్‌లో చేర్చుకోలేదు.

పోయిన జనవరిలో ఎమ్మిగనూరు ఎరువుల వ్యాపారి ఒకాయన ఆ ఇంటికి బేరం పెట్టాడు. పడగొట్టి గోడౌను కడతాడట. పద్దెనిమిది లక్షలు, అన్నదమ్ములకు చెరి తొమ్మిది. కాగితం మీద చూస్తే ఎవరికీ అన్యాయం లేదు. కానీ గుంట మగ్గం అంటే భుజాన వేసుకుని పోయే సామాను కాదు. నేతగాడు కాళ్లు పెట్టి తొక్కే గుంట నేలలోనే ఉంటుంది, దాని చుట్టూ గుంజలు పాతి ఉంటాయి. అద్దె ఇంట్లో గది మధ్య గుంట తవ్వనిచ్చే యజమాని ఎమ్మిగనూరులో ఇంకా పుట్టలేదు. తొమ్మిది లక్షలకు ఆ ఊళ్లో ఇప్పుడు ఇల్లు రాదు. యాభై ఆరేళ్ల బసవన్నకు వేరే పని రాదు. ఇల్లు పోతే మగ్గం పోతుంది, మగ్గం పోతే ఆయన ఎవరి దుకాణం ముందో వాచ్‌మన్ కుర్చీలో కూర్చోవాలి. ఇది రఘునాథ్‌కు తెలియక కాదు. “నా వాటా ఎన్నాళ్లని ఆయన మగ్గం కింద పెట్టను సార్?” అన్నాడు. అన్న అడ్డు చెప్పలేదు. యాభై వేలు అడ్వాన్సు రఘునాథే పుచ్చుకున్నాడు. అగ్రిమెంటుకు సాక్షి సంతకం పెట్టడానికి నన్ను రమ్మన్నాడు. వస్తానన్నాను.

ఆ నెలలోనే సైన్సు దినోత్సవం కోసం ఏదైనా కొత్తది చెయ్యమని ప్రిన్సిపాల్ చెప్పాడు. రఘునాథ్ వారం రోజులు ఏవో కాగితాలు చదివాడు. సమాజంలో డబ్బు ఎలా పంపిణీ అవుతుందో చెప్పడానికి గాలి అణువుల లెక్క పనికొస్తుందట. ఫిజిక్సు వాళ్లలో కొందరు పాతికేళ్లుగా ఇదే పని మీద ఉన్నారట. ఆర్థికశాస్త్రం చెప్పే మా సుబ్బయ్య సారు ఆ మాట విని రెండు రోజులు ముభావంగా ఉన్నాడు.

ఒక గంట నాకు క్లాసు లేకపోతే నేనూ వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నాను. ముప్పై నాలుగు మంది పిల్లలు. తలా ఐదు చింతగింజలు ఇచ్చాడు. ఎవరైనా ఎవరితోనైనా జత కట్టవచ్చు. రూపాయి బిళ్ల ఎగరెయ్యాలి, ఓడినవాళ్లు గెలిచినవాళ్లకు ఒక గింజ ఇవ్వాలి, మళ్లీ జత మార్చుకోవాలి. గింజలు అయిపోయినవాళ్లు కూర్చోవాలి. అంతే ఆట.

గంట కొట్టేసరికి పంతొమ్మిది మంది కూర్చుని ఉన్నారు. ఒక పిల్లవాడి దగ్గర ఇరవై మూడు గింజలున్నాయి. వాడి నడక కూడా మారిపోయింది, చూశాను. రఘునాథ్ బోర్డు మీద పటం గీశాడు. ఎడమ పక్క ఉత్తచేతుల వాళ్ల గీత నిలువెత్తున లేచింది, కుడికి పోయేకొద్దీ తగ్గుతూ చివర్లో నేలకు ఆనింది. పక్కన గాలి అణువుల శక్తి పటం గీశాడు. రెండూ దాదాపు ఒకే బొమ్మ.

రూప అనే అమ్మాయి లేచి, “ఓడిపోయినోళ్లు సరిగ్గా ఆడలేదా సార్?” అని అడిగింది.

రఘునాథ్ నవ్వాడు. “బిళ్ల ఎగరెయ్యడంలో సరిగ్గా ఆడటం ఏముంటుందమ్మా? అందరం సమానంగానే మొదలుపెట్టాం. అణువులు ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి, ఒకదాని శక్తి ఇంకోదానికి పోతుంది. కాసేపటికి చాలా వాటి దగ్గర కొంచెం, కొన్నిటి దగ్గర చాలా. ఏ అణువుకూ తెలివి లేదు, ఏ అణువుకూ బద్ధకం లేదు.”

ఆ మాట ఎంత బాగుందో! నాకు అసూయ వేసింది, పాతికేళ్ల తెలుగు పాఠంలో అంత తేట వాక్యం నా నోట రాలేదు. మధ్యాహ్నం టీ తాగుతూ అదే మనిషి, “మా అన్న ఫోన్ చేశాడు, సంతకానికి ఆదివారం రమ్మన్నాడు. అప్పుడే జాగ్రత్తపడి ఉంటే ఈ గతి పట్టేది కాదు” అన్నాడు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడిందని నా నోటి చివరిదాకా వచ్చింది. అనలేదు. సాక్షిగా వస్తానని ఒప్పుకుని ఉన్నాను, పైగా ఆయన భార్య సుమతి నా కోసం ఆ రోజు బొరుగుల ఉగ్గాని పంపింది. నా ధైర్యం అంతమాత్రం.

ఆదివారం ఆదోని బస్టాండులో ఆయన భుజానికి బట్టసంచి ఉంది. అందులో అగ్రిమెంటు కాగితాలు, వాటి కింద చింతగింజల పొట్లం. చదువుకునే పిల్లలతో ఆడిస్తే చాలదట, మామూలు మనుషులతో ఒక ట్రయల్ కావాలట. ఇల్లు అమ్మడానికి పోతూ ఈ గింజలేమిటయ్యా అని నాకు ఒళ్లు మండింది. కానీ ఆయన మనస్తత్వం అంతే. లెక్క వేరు, ఇల్లు వేరు.

ఇంట్లోకి అడుగుపెట్టగానే మగ్గమే ఎదురైంది. గదిలో సగం అదే. బసవన్న గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తున్నాడు, మమ్మల్ని చూసి, పోగు తీసుకుపోయే నాడెను పక్కన పెట్టాడు. తమ్ముడి కంటే పొట్టి, ఇద్దరికీ ఒకటే ముక్కు. “రాండి సార్, కూచోండి. రఘూ, ఆయప్ప ఇంగా రాలేదు. ఎరువుల లోడు దిగుతాండాదంట, గంట పడుతుందని ఫోను జేసినాడు” అన్నాడు. ఆయన భార్య రుద్రమ్మ మాకు నీళ్లిచ్చి గోడకు ఆనుకుని నిలబడింది. నన్ను బాగున్నారా అని అడిగింది, మరిదిని అడగలేదు.

గంటసేపు ఏం చెయ్యాలి? రఘునాథ్ పొట్లం విప్పాడు. పక్కింటి సిద్దమ్మ, ఆమె భర్త హుసేనప్ప, ఎదురింట్లో నూలు కండెలు చుట్టే ముగ్గురు ఆడవాళ్లు వచ్చారు. బసవన్న, రుద్రమ్మ, నాతో కలిపి ఎనిమిది మందిమి అయ్యాం. రఘునాథ్ నోటుబుక్కు తెరుచుకుని లెక్క రాయడానికి కూర్చున్నాడు.

అందరూ నవ్వుతూనే మొదలుపెట్టారు. నేను రెండు గెలిచి మూడు ఓడాను. బసవన్న వరసగా ఓడాడు. ఐదో ఆటకే ఆయన చేతిలో గింజ లేదు. “నాకు ఆటలో గూడా ఇంతే” అని మగ్గం అంచు మీదికి జరిగి, కాళ్లు గుంటలోకి వేలాడేసుకుని కూర్చున్నాడు.

అప్పుడు సిద్దమ్మ లేచి వెళ్లి తన గింజల్లోంచి ఒకటి ఆయన చేతిలో పెట్టింది. హుసేనప్ప ఒకటి పెట్టాడు. కండెలు చుట్టే ఆడవాళ్లూ తలా ఒకటి పెట్టారు. ఒకరినొకరు చూసుకోలేదు. ఆ వీధిలో ఒక పద్ధతి ఉంది. నూలు లేక ఎవరి మగ్గమైనా ఆగిపోతే చుట్టుపక్కల ఇళ్లవాళ్లు తలా ఒక చుట్ట నూలు, వాళ్ల మాటలో చిలప, తెచ్చి గడప మీద పెట్టి పోతారు. అది అప్పు కాదు, ఎవరూ తిరిగి అడగరు. దానం అంటే వాళ్లకే కోపం వస్తుంది. ఆ చెయ్యి అలవాటే గింజల మీదికీ వచ్చింది.

రఘునాథ్ తల ఎత్తి చూసి కంగారుపడ్డాడు. “సిద్దక్కా, అట్ల ఇయ్యకూడదు. ఆట చెడిపోతాది.”

“ఇయ్యకుంటే ఆయప్ప ఎట్ల ఆడతాడు?”

“ఆడడు. కూచుంటాడు. అదే ఆట.”

“ఇదేం ఆటప్పా” అంది సిద్దమ్మ. “ఒక్కొక్కరే కూచుంటా పోతే కడాకు ఒకడే మిగుల్తాడు. గింజలన్నీ ఒళ్లో పెట్టుకోని ఆయప్ప ఎవరితో ఆడల్ల?”

ఫిజిక్సు సారు దగ్గర దీనికి జవాబు ఉంది, చెప్పాడు కూడా. గాలిలో అయితే ఖాళీ అయిన అణువును పక్కది వచ్చి గుద్దుతుంది, దానికి మళ్లీ కొంచెం శక్తి వస్తుంది. మనుషుల్లో చేతిలో లేనివాడితో ఎవరూ బేరానికి దిగరు, అందుకే వాడు కూర్చుండిపోతాడు. “మీరు జాలిపడి ఇస్తే నా లెక్క తేలదు. కూచున్నోడు తప్పు జేసి కూచోలేదు, బిళ్ల అట్ల పడింది, అంతే. అది సూపించేదానికే ఈ ఆట” అన్నాడు. ఆ గదిలో కూడా క్లాసులో లాగే ఎంతో ఓపికగా చెప్పాడు.

బసవన్న చేతిలోని ఐదు గింజల్ని అటూ ఇటూ దొర్లిస్తూ విన్నాడు. “రఘూ, నేను ఇప్పుడు కూచున్నాను గదా. ఏమన్నా తప్పుగా ఆడినానా?”

“ఆడేది ఏముందన్నా ఇందులో.”

“అదే అడుగుతాండా. నా తప్పు లేదంటావు.”

“లేదు.”

“ఆటలో సరే” అన్నాడు బసవన్న. “మరి నూలు తడిసినప్పుడు?”

ఆయన గొంతులో కోపం లేదు. తెలియక అడుగుతున్నాడు. రూప అడిగినట్టే, జవాబు తెలిసిన మనిషి ఎదురుగా ఉన్నాడు కాబట్టి అడుగుతున్నాడు. రుద్రమ్మ గోడ దగ్గర నుంచి మరిది వైపు చూసింది. ఇరుగుపొరుగు నేల చూశారు. నాకు అక్కడ నుంచి లేచిపోవాలనిపించింది.

రఘునాథ్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆయన గురించి ఒక మాట చెప్పాలి. పిసినారి, మొండి, తన గొప్ప తాను చెప్పుకునే మనిషి. కానీ తప్పు జవాబు అని తెలిసి బోర్డు మీద రాయగా నేను చూడలేదు.

“అప్పుడూ లేదన్నా” అన్నాడు. “వాన వచ్చింది. అంతే.”

బసవన్న తల ఊపాడు. లుంగీ కొసతో ముఖం తుడుచుకున్నాడు. “నాకు తెలివి సాలదనే అనుకుంటాంటి. రోజూ ఈ గుంటలో కాళ్లు పెట్టినప్పుడల్లా, నాయన సొమ్ము నేనే ముంచితినే అని. నువ్వు సదువుకున్నోడివి, నువ్వు గూడా అదే అంటాంటివి గదా.” అంతటితో ఆపి భార్య వైపు తిరిగాడు. “ఇన్యావా, రుద్రమ్మా? తప్పు లేదంటాండాడు.”

రుద్రమ్మ, “నేను ఎప్పుడన్నా ఉందంటినా?” అని లోపలికి వెళ్లిపోయింది.

ఎరువుల వ్యాపారి వచ్చాడు. చొక్కా మీద యూరియా పొడి దులుపుకుంటూ ఆలస్యానికి క్షమించమన్నాడు. మంచి మనిషే, అతన్ని అనడానికి ఏమీ లేదు. కాగితాలు మగ్గం పలక మీదే పరిచారు. పెద్దవాడు ముందు పెట్టాలి కాబట్టి పెన్ను బసవన్నకు ఇచ్చారు.

ఆయన చకచకా పెట్టేశాడు. మూడు పేజీల మీదా మూడు సంతకాలు, అక్షరం అక్షరం కూడబలుక్కుని. ముఖం తేటగా ఉంది. ఇల్లు పోతున్న మనిషి ముఖంలా లేదు. పెన్ను తమ్ముడి చేతికిస్తూ, “ఇంగ ఎట్లైనా బతుకుతాం లేప్పా. నాకేం బాధ లేదు, నువ్వు పెట్టు” అన్నాడు.

రఘునాథ్ పెన్ను పుచ్చుకున్నాడు. కాగితం మీద ఆనించాడు. ‘ర’ దగ్గర చుక్క పడింది, అక్కడే ఆగిపోయింది. వ్యాపారి వాచీ చూసుకున్నాడు. నేను సాక్షి గడిలో నా పేరు ఎక్కడ పడుతుందో చూస్తున్నాను, ఎటు చూడాలో తెలియక.

“నా సంతకం పడదు” అన్నాడు రఘునాథ్.

“అంటే ఏంది సార్?”

“అమ్మను. మీ అడ్వాన్సు రేపు షాపుకే తెచ్చిస్తాను. దాని మీద ఎంత ఇయ్యమంటే అంత ఇస్తాను.”

వ్యాపారి బసవన్నను అడిగాడు, నన్ను అడిగాడు. రేటు చాలలేదా అన్నాడు. బసవన్న కూడా బతిమాలాడు, “మాట ఇచ్చినావు గదా రఘూ, పెద్దమనిషి పని ఇడిచిపెట్టి వచ్చినాడు, పెట్టప్పా.” అన్న బతిమాలుతున్నకొద్దీ రఘునాథ్ ముఖం చూడలేకపోయాను. ఆయన కాగితాలు మడిచి సంచిలో పెట్టేసుకున్నాడు. వ్యాపారి గొణుక్కుంటూ బండి ఎక్కాడు.

తర్వాత ఎవరూ ఎవరినీ కౌగిలించుకోలేదు. రుద్రమ్మ జొన్నరొట్టెలు, శనక్కాయల పొడి పెట్టింది. మరిది కంచంలో అడగకుండానే రెండో రొట్టె వేసింది. తినేసి వచ్చేశాం.

ఆదోని బస్సులో రఘునాథ్ కిటికీ పక్కన కూర్చున్నాడు. ఊరు దాటాక, “నేనన్న మాట పదిహేనేళ్లు నమ్మాడు సార్” అన్నాడు. నేను ఏదో ఓదార్పు మాట వెతుక్కుంటున్నాను. ఆయన ఆగలేదు. “ఆ పెళ్లికి పోవాల్సింది నేను.”

మేనమామ ఇంటి పెళ్లి కాబట్టి ఇద్దరిలో ఒకరు తప్పనిసరిగా పోవాలి. రఘునాథే పోతానన్నాడు. బయల్దేరే ముందు రోజు సప్లిమెంటరీ పరీక్షల డ్యూటీ పడింది. పూటకు నూటయాభై. అది వదులుకోలేక అన్నకు ఫోన్ చేసి, నాకు కుదరదు, నువ్వు పో అన్నాడు. బసవన్న మగ్గం ఆపి, భార్యను తీసుకుని సాయంత్రం బస్సుకు వెళ్లాడు.

“ఈ సంగతి మీ అన్న ఎప్పుడైనా ఎత్తాడా?” అని అడిగాను.

“లేదు సార్. నేను అన్నేసి మాటలన్నప్పుడు కూడా ఎత్తలేదు.”

“మర్చిపోయి ఉంటాడు లెండి.”

“మా అన్న ఏదీ మర్చిపోడు సార్” అన్నాడు రఘునాథ్.